చెల్లెలికి ముందే తీర్చిన బాకీ

ఒడెస్సా క్రచర్ ఒకరి దగ్గర చెయ్యి చాచే మనిషి కాదు. ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆవిడే వారానికోసారైనా చెప్పేది. మెంఫిస్‌లో మేమిద్దరం ఒకే వృద్ధుల హోమ్‌లో పనిచేసేవాళ్ళం. ఆవిడ లాండ్రీలో, నేను వంటింట్లో. నా పేరు మాక్సీన్. నాకు నోరెక్కువ, ఆవిడకి బిగువెక్కువ, అందుకే ఇద్దరికీ కుదిరింది.

ఆదివారాలు మా చర్చిలో తెల్ల గ్లవ్స్ తొడుక్కుని తలుపు దగ్గర నిలబడే అషర్లకి ఆవిడే పెద్ద. ప్రార్థన నడుస్తుండగా ఎవరైనా ఆలస్యంగా వస్తే అరచెయ్యి ఎత్తేది, అంతే. పాస్టర్‌గారి భార్య అయినా సరే ఆ చేతి ముందు ఆగాల్సిందే. అలాంటి మనిషి దగ్గర ఎవరైనా దివాలా మాట ఎత్తితే ఇంక చూసుకోండి. "తిన్నారు, తొడిగారు, తిరిగారు. ఇప్పుడు జడ్జి ముందు నిలబడి నావల్ల కాదంటే సరా? సిగ్గుండక్కర్లా?" అనేది. వినేవాళ్ళలో సగం మంది నేల చూపులు చూసేవాళ్ళు. మా పేటలో దివాలా వెయ్యని ఇల్లు వెతుక్కోవాలి మరి! ఏడు వేశావా, పదమూడు వేశావా అని ఒకళ్ళనొకళ్ళు అడగడం మాకు జలుబు తగ్గిందా అని అడిగినంత మామూలు. చట్టంలో ఆ అధ్యాయాల నంబర్లవి. ఒక్క ఒడెస్సా ముందు మాత్రం ఆ ఊసెత్తేవాళ్ళం కాదు.

ఆవిడ మొగుడు రూజ్‌వెల్ట్‌కి కిడ్నీలు పోయాయి. ఆస్పత్రి బిల్లులు, మందులు, వాటికోసం క్రెడిట్ కార్డులు, కార్డులు కట్టడానికి వీధి మూలనున్న అప్పుల కొట్టు. జీతం చీటీ చూపిస్తే చాలు, ఆ కొట్టువాడు నవ్వుతూ ఇస్తాడు, ఏడిపిస్తూ వసూలు చేస్తాడు. ఈ హడావుడిలో అంత్యక్రియల పాలసీ కట్టడం మర్చిపోయింది. అదేమో సరిగ్గా రూజ్‌వెల్ట్ పోయే ముందు రద్దయిపోయింది. శవపేటిక కొట్టువాడు డబ్బు చేతిలో పడనిదే కదలనన్నాడు. అప్పుడు ఒడెస్సా చెల్లెలు వెర్నెల్ తను దాచుకున్న మూడు వేల డాలర్లు తెచ్చి పోసింది. రూజ్‌వెల్ట్ నీలం సూట్‌లో దొరబాబులా వెళ్ళాడు. ఎవరూ వేలెత్తి చూపించలేదు.

ఇక ఫిబ్రవరి. మా దగ్గర ఫిబ్రవరి అంటే టాక్స్ డబ్బు వెనక్కొచ్చే నెల. ఒడెస్సాకి బ్యాంకు మీద నమ్మకం లేదు, తన చేతి మీద అంతకన్నా లేదు. అందుకని ఏడాది పొడుగునా జీతంలో కావాలనే ఎక్కువ పన్ను కోయించుకుని, ఫిబ్రవరిలో ఒక్క మొత్తంగా పుచ్చుకునేది. మాలో సగం మంది దాచుకునేది అలాగే. వేరేవాళ్ళయితే ఆ డబ్బుతో టీవీ కొంటారు, లేకపోతే లాయరు ఫీజు కట్టి దివాలా వేస్తారు. ఈవిడేం చేసిందంటే, ఆ మొత్తానికి ఇంకొంచెం కలిపి మూడు వేలు చేసి, కవర్లో పెట్టి, చర్చి అయ్యాక కారు పార్కింగ్ దగ్గర వెర్నెల్ చేతిలో పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఆరోజు ఆవిడ నడకే వేరు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం నేను గిన్నెలు సర్దుతుంటే వంటింటి వెనక తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. చేతిలో కాగితం.

"మాక్సీన్, నీకు తెలిసిన లాయరెవరైనా ఉన్నారా?"

"ఎవరికి?"

"ఒక మనిషికి."

ఆ మొహం చూడగానే ఎవరో నాకర్థమైంది. మామూలుగా అయితే ఏదో ఒకటి అనేదాన్ని. ఆరోజు గిన్నె పక్కన పెట్టి ఆ కాగితం అందుకున్నాను. కార్డు కంపెనీవాడు కోర్టులో తీర్పు తెచ్చుకున్నాడు, వచ్చే నెల నుంచి జీతం మీద పడి నేరుగా కోసుకుంటాడు. ఎవరికీ చెప్పొద్దంది. రెండోసారి కూడా చెప్పొద్దంది. ఆ తర్వాత ఉతకాల్సిన దుప్పట్ల బండి తోసుకుంటూ నా మొహం చూడకుండానే వెళ్ళిపోయింది.

లాయరు కోరిన్ హేస్టీ, మా ఈడుదే. గోడ మీద పట్టాలు, బల్ల మీద పుదీనా బిళ్ళలు. నేనే కారులో తీసుకెళ్ళాను. ఒడెస్సా చర్చికి వేసుకునే కోటు వేసుకొచ్చింది.

"రెండు దార్లున్నాయి," అంది హేస్టీ. "ఏడు వేస్తే, చట్టం మీకు ఉంచినవి పోను ఇంకేమైనా మిగిలితే కోర్టు పెట్టిన ట్రస్టీ అమ్మి అప్పులవాళ్ళకి పంచుతాడు. మీ దగ్గర అలాంటిదేం లేదు. నాలుగైదు నెలల్లో బాకీలన్నీ కొట్టేస్తారు. పదమూడు అంటే, కొన్నేళ్ళపాటు జీతంలోంచి నెలనెలా కట్టుకుంటూ పోవాలి. మీ విషయంలో ఐదేళ్ళు పట్టొచ్చు. చివర్న మిగిలింది కొట్టేస్తారు. ఏడుకి నా ఫీజు ముందే ఇవ్వాలి. పదమూడులో అది కూడా నెలనెలా కట్టే దాంట్లోనే కలిసిపోతుంది."

"ఏడే వెయ్యండి," అన్నాను నేను. "ఫీజు నేనిస్తాను. ఐదేళ్ళు ఎవడు కడతాడమ్మా!"

"నిన్నడగలేదు," అంది ఒడెస్సా. లాయరు వైపు తిరిగి, "ఏడు వేస్తే మా హోమ్‌లో తెలుస్తుందా?" అంది.

"సాధారణంగా తెలీదు. పదమూడు వేస్తే తెలుస్తుంది. జీతంలో కొయ్యమని మీ ఆఫీసుకి కోర్టు ఉత్తర్వు వెళ్తుంది."

"అయితే ఏడు," అంది. ఆ ఒక్క మాటకే ఆవిడ భుజాలు కాస్త దిగాయి. అమ్మయ్య, అనుకున్నాను.

హేస్టీ ఇంకా ఏవేవో అడిగింది. ఇల్లు, కారు, నగలు. తర్వాత, "ఈ ఏడాదిలో చుట్టాలకెవరికైనా బాకీ తీర్చారా?" అంది.

ఒడెస్సా నిటారుగా కూర్చుంది. ఆ గదిలోకొచ్చాక గర్వంగా చెప్పుకోడానికి దొరికింది అదొక్కటే పాపం. "తీర్చాను. మా చెల్లెలికి. ఎవరిది ఎలా ఉన్నా దానికి మాత్రం ఒక్క సెంటు కూడా ఉంచకుండా మొత్తం ఇచ్చేశాను."

హేస్టీ పెన్ను కింద పెట్టింది.

"మిసెస్ క్రచర్, మీరు చేసింది తప్పని నేననను. కానీ చట్టం లెక్క వేరు. అందరికీ బాకీ ఉండి, మిగతావాళ్ళని పక్కకి నెట్టి సొంతవాళ్ళకి ముందు కట్టారంటుంది. ఏడు వేస్తే ట్రస్టీ మీ చెల్లెలికి ఉత్తరం రాసి ఆ డబ్బు వెనక్కి అడగొచ్చు. ఇవ్వకపోతే ఆవిడ మీద దావా వెయ్యొచ్చు."

"వెర్నెల్ మీదా?" ఒడెస్సా కుర్చీలో ముందుకి జరిగింది. "అదేమైనా దొంగసొమ్మా?"

"కాదు. అయినా అడుగుతారు."

"చెప్పకపోతే?" అన్నాను నేను. నా నోరు ఆగదుగా.

"ప్రమాణం చేసి చెప్పాలి," అంది హేస్టీ. ఒడెస్సా నావైపు చూసిన చూపుకి నేను పుదీనా బిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను.

డబ్బిచ్చి ఏడాది దాటేదాకా ఆగితే ఆ గొడవ ఉండదట. కానీ వచ్చే నెలే జీతం మీద పడేవాడుండగా ఎక్కడాగుతాం? పదమూడు వేస్తే చెల్లెలి జోలికి పోరు, కాకపోతే కనీసం ఆ మూడు వేలకి తక్కువ కాకుండా ఒడెస్సాయే అప్పులవాళ్ళకి కట్టాలి. ఒకసారి ఇచ్చింది చాలక మళ్ళీ అన్నమాట! ఇంకో దారి కూడా చెప్పింది హేస్టీ. వెర్నెల్ తనంతట తాను ఆ డబ్బు ఇప్పుడే తిరిగిచ్చేస్తే అసలు సమస్యే లేదు. ఏడు హాయిగా వేసుకోవచ్చు. అంతా అయ్యాక, ఎప్పుడైనా ఉన్నప్పుడు, చెల్లెలికి ఇచ్చుకుంటే ఎవరూ కాదనరు.

"మీ చెల్లెలు ఇస్తుందా?"

"అడిగితే ఇస్తుంది," అంది ఒడెస్సా. "అడిగితే."

కారెక్కాక నేను ఊరుకోలేదు. "సొంత చెల్లెలే కదా! ఒక్క మాట అడిగితే నాలుగు నెలల్లో ఒడ్డున పడతావు. లేదూ, ఐదేళ్ళు చాకిరీ. ఇందులో ఆలోచించడానికేముంది?" ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చివరికి, శనివారం వెళ్దాం, నువ్వూ రా అంది. ఒక్కదాన్నే వెళ్ళలేనంది.

శనివారం వెర్నెల్ ఇంటికి వెళ్ళాం. వెర్నెల్ అంటే ఒడెస్సాకి అచ్చంగా ఎదురు. మెత్తటి మనిషి. పళ్ళన్నీ పాడై, చాలా ఏళ్ళుగా బోసినోరే. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, చర్చి విందుల్లో మెదిపిన బంగాళాదుంపలు తప్ప ఏదీ ముట్టుకునేది కాదు. అడిగితే, ఆకలి లేదనేది.

తలుపు తీసింది. తీసి, మమ్మల్ని చూసి నోరారా నవ్వింది. నోటినిండా పళ్ళు! తెల్లగా, వరసగా, మెరిసిపోతూ.

"అక్కా! చూశావా? నిన్ననే ఇచ్చాడు డాక్టరు! ఆదివారం చర్చిలో చూపించి నీ గుండె ఆపుదామనుకున్నా, నువ్వే వచ్చేశావ్! మాక్సీన్, ఇలా రా, దగ్గరకొచ్చి చూడు. కుళ్ళుకో, పర్లేదు!"

"అబ్బో! నాకంటే చిన్నదానిలా ఉన్నావే," అన్నాను.

లోపల బల్ల మీద పంది పక్కటెముకల కూర, ఉడికించిన మొక్కజొన్న పొత్తులు. పొత్తు చేతిలోకి తీసుకుని, మా ఇద్దర్నీ చూస్తూ, ఆ చివర్నించి ఈ చివరిదాకా కరకరా కొరుక్కుంటూ పోయింది. గింజలు గడ్డం మీద పడుతున్నాయి. కళ్ళల్లో నీళ్ళు.

"పదకొండేళ్ళయిందక్కా పొత్తు కొరికి. ఇదంతా నీ డబ్బే, తెలుసా? నువ్విచ్చిన కవరు కవర్లాగే డాక్టరు చేతిలో పెట్టా. నువ్వూ తిను! ఏంటలా నిలబడ్డావ్?"

ఒడెస్సా కూర్చుంది. పొత్తు తీసుకుంది. నేను బల్ల కింద ఆవిడ కాలు తొక్కాను, అడుగు అని. అడగలేదు. వెర్నెల్ చెప్పిన కబుర్లన్నీ విని, నవ్వాల్సిన చోటల్లా నవ్వి, వచ్చేటప్పుడు చెల్లెలి చెంప మీద చెయ్యి వేసి, "బాగున్నాయే, చాలా బాగున్నాయి," అంది.

కారులో నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకు అడగలేదు? అందుకేగా వెళ్ళింది!"

"ఏమని అడగను? నోట్లోంచి తీసి ఇమ్మననా?"

"వాయిదాల్లో కట్టుకుంటుంది! ట్రస్టీతో మాట్లాడుకుంటుంది! నీకెందుకంత..."

"మాక్సీన్, నోరు ముయ్యి."

మూశాను. ఇల్లు వచ్చింది. దిగేటప్పుడు అంది, "సోమవారం హేస్టీకి ఫోను చేస్తా. పదమూడు."

ఉత్తర్వు హోమ్‌కి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. జీతాల గదిలో పిల్ల ఒడెస్సాని పిలిచి, తలుపు వేసి, సంతకం పెట్టించుకుంది. ఆ పిల్ల మంచిదే, ఏమీ అనలేదు. కానీ తలుపు వేసింది కదా! మా హోమ్‌లో ఆ తలుపు వేస్తే విషయమేంటో అందరికీ తెలిసిపోతుంది. ఒడెస్సా ఆరోజు నుంచి తిండి గదికి రావడం మానేసింది. లాండ్రీలోనే, ఆ వేడిలో, ఉతికిన తువ్వాళ్ళ మధ్య కూర్చుని బిస్కెట్లు తినేది. నేను కూర పట్టుకెళ్తే, "ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగేది. ఎవరూ ఏమీ అనలేదు. మనలాంటి వాళ్ళేగా అందరూ, ఏమంటారు? ఆ మాట చెబితే నమ్మేది కాదు.

అంతటితో ఆగలేదు. పాస్టర్‌గారి దగ్గరకెళ్ళి, మోకాళ్ళ నొప్పులని చెప్పి, అషర్ల పెద్దరికం వదిలేసింది. ఆదివారం అందరికన్నా వెనక వరసలో కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే బైబిల్లోకి తల దూర్చేసేది. మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, నాకన్నా గట్టివి. ఒకరోజు నేనే అనేశాను, "బాకీ పడ్డదానివి, దొంగవి కాదు. తలెత్తుకో!" అని. "వాళ్ళనన్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి మాక్సీన్," అంది. అన్న మాట నిజమే. చాలా అంది.

జీతాల గది కబురు తిరిగి తిరిగి చర్చి క్వాయిర్‌లో పాడే ఎవరి దగ్గరికో చేరింది, అక్కడ్నించి వెర్నెల్ దగ్గరికి. అక్క దివాలా వేసిందని తెలిసింది. ఎందుకు పదమూడు వేసిందో మాత్రం తెలీదు. వెర్నెల్ అక్కని ఏమీ అడగలేదు. నన్ను మాత్రం దివాలా విచారణ ఎప్పుడని అడిగింది. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, కానీ అంత నెమ్మదిగా అడిగితే ఎలా?

విచారణ ఊరి మధ్యలో ఒక పెద్ద భవనంలో. జడ్జి ఉండడు. వరసలుగా కుర్చీలు, ముందొక బల్ల, మైకు, దాని వెనక ట్రస్టీ. పేరు పిలిస్తే వెళ్ళి చెయ్యెత్తి ప్రమాణం చేసి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఎవరి గుట్టు వాళ్ళదనేం లేదు, గదంతా వింటుంది. మేం వెళ్ళేసరికే దాదాపు నిండిపోయింది. రెండో వరసలో మా చర్చికొచ్చే సిస్టర్ గెయిన్స్ కూర్చుని ఉంది. కిందటేడు చర్చి వంటశాలలో, అందరి ముందూ, దివాలా మాటెత్తినందుకు సిగ్గులేదా అని ఒడెస్సా కడిగేసింది ఆవిడనే. ఒడెస్సా ఆమెని చూసి వెనక్కి తిరగబోయింది. సిస్టర్ గెయిన్స్ పక్క కుర్చీలో ఉన్న తన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒడెస్సా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. అప్పుడావిడ మెడ వంగిన తీరు చూడలేక నేను గోడ గడియారం వైపు చూశాను.

ఇంతలో తలుపు తీసుకుని వెర్నెల్ వచ్చింది. చేతిలో రేకు కాగితంలో చుట్టిన చేపల శాండ్‌విచ్.

ఒడెస్సా కుర్చీలోంచి సగం లేచింది. "నువ్వెందుకొచ్చావే? పో. ఇంటికి పో."

"మా అక్క ఒక్కతే కూర్చుంటుందా?" అంది వెర్నెల్. వచ్చి మా వెనక కూర్చుంది.

"వెర్నెల్, నీకు దణ్ణం పెడతా. బయట కూర్చో. నిన్ను నేను..."

అప్పుడే పిలిచారు. "ఒడెస్సా క్రచర్."

వెళ్ళింది. చెయ్యెత్తింది. చర్చి తలుపు దగ్గర అందర్నీ ఆపిన ఆ చెయ్యి ఇప్పుడు భుజం దాకా కూడా లేవలేదు. హేస్టీ పక్కన నిలబడింది. ట్రస్టీ నెమ్మదైన మనిషి, రోజంతా అవే ప్రశ్నలు అడిగి అడిగి అలిసిపోయిన గొంతు. పేరు, ఊరు, జీతం. తర్వాత కాగితం తిప్పాడు.

"దివాలా వేసే ముందు బంధువుకొకరికి మూడు వేల డాలర్లు కట్టారని ఉంది. ఎవరికి?"

ఒడెస్సా వెనక్కి తిరిగి చూడలేదు. "మా చెల్లెలికి."

"పేరు?"

ఆవిడ నోరు తెరిచింది, మూసింది. హేస్టీ చేతి మీద తట్టింది.

"వెర్నెల్ మేబ్రీ."

"ఆ మొత్తం నెలనెలా కట్టే ప్లాన్‌లో మీరే కడుతున్నారు. చెల్లెలి దగ్గర్నుంచి రాబట్టనక్కర్లేదు. అంతేనా, లాయరుగారూ?"

"అంతేనండి," అంది హేస్టీ.

"ఏడులో అయితే మీకు తొందరగా తెమిలిపోయేది, మిసెస్ క్రచర్. ఇది మీకు తెలిసే ఎంచుకున్నారా?"

"తెలిసేనండి."

"సరే. తర్వాతి పేరు."

అంతే. కష్టమ్మీద ఐదు నిమిషాలు. వెనక్కి చూస్తే వెర్నెల్ కుర్చీలో లేదు. శాండ్‌విచ్ మాత్రం కుర్చీ మీద ఉంది.

కారు దగ్గర దొరికింది. తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. ముగ్గురం ఎక్కాం, ఒడెస్సా ముందు, వెర్నెల్ వెనక. నేను తాళం పెట్టాను, తిప్పలేదు.

"అంటే," అంది వెర్నెల్, "నా పళ్ళకి నువ్వు రెండుసార్లు కడుతున్నావా?"

ఒడెస్సా సీటు బెల్టు లాగి పెట్టుకుంది.

"ఐదేళ్ళా? ఐదేళ్ళు ఆ దుప్పట్లు ఉతికి? మా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని, పొత్తు తిని వెళ్ళావే! ఒక్క మాట అనుంటే నేను ఇచ్చేదాన్ని కదా! ఎక్కడో తెచ్చి ఇచ్చేదాన్ని!"

"తెస్తావనే అనలేదు."

"అసలు ఎందుకిచ్చావ్ నాకు?" వెర్నెల్ ఏడుస్తూ అరిచింది. అంత మెత్తటి మనిషి అరవడం నేను వినడం అదే మొదటిసారి. "చుట్టూ అంతమంది పీక మీద కూర్చుంటే, ముందు నాకెందుకిచ్చావ్? నేనడిగానా? రూజ్‌వెల్ట్‌ని పాతిపెట్టిన దగ్గర్నుంచి ఒక్కసారైనా నిన్నడిగానా ఆ డబ్బు?"

"అడగలేదు," అంది ఒడెస్సా. కారు ముందు అద్దంలోంచి ముందుకే చూస్తోంది. "వాళ్ళందరూ అడిగారు. ఫోన్లు చేశారు, తిట్టారు, ఇంటి తలుపుకి చీటీలు అంటించారు. వాళ్ళకి లేదని చెప్పా. తిరిగి తిట్టా కూడా. నువ్వు అడిగుంటే నీకూ అలాగే చెప్పేదాన్నేమో. నువ్వు అడగలేదు. ప్రతి ఆదివారం వచ్చి నా బుగ్గ మీద ముద్దు పెట్టి పోయావ్. ఆ నోట్లో ఒక్క పన్ను లేకుండా. నేనెక్కడ దాక్కోను చెప్పు?"

వెర్నెల్ రుమాలు తీసింది. ముక్కు తుడుచుకుంది. తర్వాత ముందు సీటు వెనక భాగం రెండు చేతులతో పట్టుకుని, అక్క చెవి దగ్గరకి వంగి, చిన్నపిల్లలా అడిగింది.

"మరి ఇప్పుడు నేనెక్కడ దాక్కోనే, అక్కా?"

ఒడెస్సా నావైపు చూసింది. నేను తాళం తిప్పాను.